రాలేదని కొట్టేసిన పేరు

పిల్లల మనసు డాక్టరమ్మకు,

తల్లీ, నన్ను ఇస్త్రీ మామ్మ అంటారు. డెబ్బై రెండేళ్లు. ఇంట్లో నేనూ, కన్నవాళ్లు లేని నా పద్నాలుగేళ్ల మనవరాలూ, ఇద్దరమే. నాకు అక్షరం ముక్క రాదు. తలుపు ఇవతల పీట వేసుకుని నేను చెబుతుంటే, గదిలోంచి అదే రాస్తోంది.

దాని జబ్బే అది. ఏడు నెలలుగా ఇల్లు దాటదు, ఇప్పుడు గది కూడా దాటదు. బలవంతపెడితే ఊపిరాడక కొయ్యబారిపోతుంది. మీ ఆసుపత్రిలో పేరు రాయిస్తే ఐదు నెలలు ఆగమన్నారు. ఆగాం. పిలిచిన రోజు వీధి తలుపు దాకా వచ్చి కూలబడింది. రెండోసారి మంచమే దిగలేదు. పేరు కొట్టేశారు. చీటీల కిటికీ దగ్గర అమ్మాయిని అడిగాను.

"రెండుసార్లు రాకపోతే అంతే మామ్మా, రూలు."

"రాలేకపోవడమే దాని జబ్బు కదే."

"అది డాక్టరుగారికి చెప్పుకోవాలి."

"ఆవిడ దగ్గరికి పంపు మరి."

"పేరుంటేనే పంపుతాం."

కాలు విరిగినవాణ్ణి పరుగెత్తుకొస్తేనే కట్టు కడతామన్నట్టుంది మీ యవ్వారం.

ఇంకొకటుంది, దానికీ తెలియదు. ఎందుకు రాలేదని మీవాళ్లు ఫోన్ చేశారు. అప్పుడు బట్టల కోసం నలుగురు నా బల్ల ముందు నిలబడి ఉన్నారు. పరువు పోతుందని, "చుట్టాలింటికి వెళ్లింది, నిక్షేపంగా ఉంది" అన్నాను. మీ కాగితంలో అదే ఎక్కింది. తప్పు నాది.

ఇక్కడ లోపల కలం ఆగింది. "రాయవే" అన్నాను. "నేనంటే సిగ్గా?" అంది.

"నువ్వంటే కాదే. వాళ్ల నోళ్లంటే భయం."

"ఇదీ రాయనా?"

"రాయి."

రాసింది. కాబట్టి ఆ అబద్ధం కొట్టేసి పేరు మళ్లీ ఎక్కించండి. అది రాలేకపోతోంది కనుక మీరే రండి. కుర్చీ వేస్తాను, తలుపు ఇవతల కూచుని మాట్లాడండి. మళ్లీ రూలంటే మాత్రం నా ఇస్త్రీ బల్ల తెచ్చి మీ కిటికీ ముందే వేస్తాను.

ముద్ర దగ్గర చిక్కొచ్చింది. కాగితం లోపల, నా వేలు బయట. అది తలుపు జానెడు తీసి, నా వేలు తనే పట్టుకుని నొక్కి, మళ్లీ వేసేసుకుంది. ఆ జానెడు చూసి బాగైపోయిందని రాసుకోకండి. వీధి ఇంకా చాలా దూరం.

ఇది నా మాటేనని బొటనవేలి ముద్ర: ఇస్త్రీ మామ్మ

వాకిట్లో నిలబడి విన్న సాక్షి: పక్కింటి దర్జీ

రాసిన సాక్షి: మనవరాలు. వస్తే సాయంత్రం రండి. పొద్దున నాకు మాట పెగలదు.