మంగల్‌కి ఫోన్ చేయకండి

ఏవండీ,

అక్కను చూడటానికి గీదం వెళ్తున్నాను, రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తాను. పప్పు కుక్కర్‌లో ఉంది. సాయంత్రం భూరాను కాలనీ కుక్కల పార్కుకు తీసుకెళ్లండి. గేటు గడియ వేశాకే గొలుసు విప్పండి. నిన్న నేను గడియ మరిచిపోయాను.

కొండ మీది మబ్బు పార్కులోకి దిగింది. కుక్కలన్నీ పాలలో ఈదుతున్నట్టున్నాయి. చూస్తుండగానే భూరా గేటు దాటి ఆ తెలుపులో కలిసిపోయింది. ఎంత పిలిచినా రాలేదు. "అచ్చం మీ ఆయనేనే! పిలిస్తే పలకడు," అంది పక్కింటి చిన్నమ్మి పిన్ని. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అడవిలోకి పోయిందనుకున్నాను. తీరా చూస్తే షిఫ్టు బస్సుల స్టాపులో ఉంది. గని నుంచి వచ్చి దిగినవాళ్ల ఎర్రమట్టి బూట్లన్నీ వాసన చూస్తోంది. మీవి దొరకలేదు. మీకు మళ్లీ డబుల్ డ్యూటీ కదా. ఆఖరి బస్సు వెళ్లేదాకా ఇద్దరం మబ్బులో అక్కడే కూర్చున్నాం.

పిలిస్తే రాని కుక్క మనకెందుకు, చింతలనార్ ఊళ్లో మంగల్‌కి, అతని పొలం కాపలాకి, ఇచ్చేద్దామన్నారు మీరు. ఇవ్వకండి.

భానుశ్రీ

రేపు సాయంత్రం మొదటి బస్సుకే దిగండి. స్టాపులో భూరా ఒక్కటే ఉండదు.