వెనక మూత గొడవ

డులూత్
12 సెప్టెంబరు 1988

ప్రియమైన ఆర్వో అన్నయ్యకి,

నేను క్షేమం. కారు కారుతోంది. నవ్వకు, ఇంతకంటే వేరే మాట దొరకలేదు.

వెనక నంబరు ప్లేటు కిందికి వంచితే పెట్రోలు మూత కనిపిస్తుంది కదా, అక్కడి నుంచి. ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరేసరికి బంపరంతా తడి, ఒకటే వాసన. సోమవారం నుంచి శనివారం దాకా చుక్క రాలదు. మా ఆయన ఎమిల్ ఉండగా ఒక్కసారి కూడా ఇలా చేయలేదు. పంతొమ్మిదేళ్ళ కారుకి ఇప్పుడీ ఆదివారం పట్టింపు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

నలభై ఏళ్ళు మెకానిక్కుగా చేశావు, ఏం చేయాలో చెప్పు. దాన్ని అమ్మేసి టూసాన్ వచ్చేయమని మాత్రం రాయకు. ఆ ముక్క పోయిన ఐదు ఉత్తరాల్లోనూ రాశావు.

నీ చెల్లెలు
సైమా

తా.క.: నిన్న చర్చిలో కొవ్వొత్తి వెలిగించబోయిన పాస్టరు గారు, నేను ముందు వరసలో కూర్చోగానే అగ్గిపుల్ల ఊదేశారు.

---

టూసాన్
20 సెప్టెంబరు

చిరంజీవి సైమాకి,

ఇదీ ఒక జబ్బేనా? మూత లోపల రబ్బరు వాషర్ ఉంటుంది. ఎండి బీటలు వారి ఉంటుంది. కొత్తది వేయించు. అప్పటిదాకా కాస్త నీ మూత బిగించి పెట్టుకో, అన్నీ సర్దుకుంటాయి.

నేను కారు అమ్మమని అనడం లేదు. అయితే ఫిబ్రవరిలో దారి మధ్యలో పెట్రోలు అయిపోయి, మంచు తుఫానులో రెండు మైళ్ళు నడిచినదానివి. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి అవసరమా అని మాత్రమే అంటున్నాను. ఇక్కడ మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది.

ఆశీస్సులతో
ఆర్వో

తా.క.: ఇక్కడ మంచు లేదు. నీలాగా ఎదురు చెప్పేవాళ్ళు కూడా లేరు. మొదటిది బాగానే ఉంది, రెండోదే తోచనివ్వడం లేదు.

---

డులూత్
3 అక్టోబరు

ఆర్వో అన్నయ్యకి,

'నీ మూతి బిగించి పెట్టుకో' అని రాస్తావా? తోడబుట్టిన దాన్ని. మూడు రోజులు అన్నం సయించలేదు. జవాబు రాయకూడదనే అనుకున్నాను.

మా పక్కనే దిగువనున్న ఇంటి వైనో గారు కాఫీకి వస్తే, చూడండి మా అన్న రాత అని ఉత్తరం చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "అది మూత" అన్నారు. ఆ పూట ఆయన మాట్లాడింది అంతే. ఇకమీద తలకట్టుకీ గుడికీ తేడా కనిపించేలా రాయి, లేకపోతే కొంపలు అంటుకుంటాయి.

వాషర్ వేయించాను. నిన్న ఆదివారం మళ్ళీ కారింది, ఈసారి ఇంకాస్త ఎక్కువ. ఇంకో విచిత్రం, పెట్రోలు ముల్లు కిందికి దిగడం లేదు.

సైమా

తా.క.: ఈ వైనో గారు భార్య పోయినప్పటినుంచీ వారానికి రెండుసార్లు కాఫీకి వస్తారు. వచ్చినప్పుడల్లా ఒకే ప్రశ్న, "కారు నడుస్తోందా?" నేను నడుస్తున్నానో లేదో ఇంతవరకు అడగలేదు.

---

టూసాన్
10 అక్టోబరు

సైమాకి,

మూత. మూత. మూత. పెద్ద అక్షరాలతో రాశాను, ఆ పెద్దమనిషికి చూపించు.

ఇప్పుడు విను. మీ ఇంటి ముందు దారి ఏటవాలు. నువ్వు కారు ముక్కు ఎగువకి పెట్టి ఆపుతావు. అప్పుడు వెనక మూత దిగువకి వస్తుంది. ట్యాంకు అంచుదాకా నిండి ఉంటే కారుతుంది, అది మామూలే. కానీ నువ్వు ఏనాడూ సగానికి మించి పోయించిన పాపాన పోలేదు, కాబట్టి సంగతి అది కాదు. ముల్లు చెడిపోయి ఉంటుంది, దాన్ని నమ్మకు. పెట్రోలు పోసే గొట్టం అంచు తుప్పు పట్టి ఉంటుంది. గరుకు కాగితంతో రుద్ది, కొత్త మూత పెట్టు.

నువ్వు శనివారం శనివారం కట్టెల పొయ్యి రాజేసుకుని కూర్చునే ఆవిరి గది కారుకి పన్నెండు అడుగుల దూరంలో ఉందని గుర్తొచ్చి, రాత్రి లేచి కూర్చున్నాను. ఇక నవ్వులాట కాదు. మొదటి మంచు పడేలోగా ఈ కారడం ఆగితే సరే. ఆగకపోతే కారు అమ్మేసి ఇక్కడికి రావాలి. నా మాట ఇది, నీ మాట రాయి.

ఆర్వో

తా.క.: పొయ్యి మానేయమంటే మానవని తెలుసు. కనీసం కారు అవతలికి జరుపు.

---

డులూత్
17 అక్టోబరు

అన్నయ్యకి,

సరే, ఒప్పుకున్నాను. కారు రోడ్డు మీదికి జరిపాను. రోడ్డు మాత్రం ఏటవాలు కాదా?

గొట్టం అంచు రుద్దాను. కొత్త మూత పెట్టాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నంబరు ప్లేటు స్ప్రింగు విరిగింది. ఇప్పుడు బ్రేకు వేస్తే ప్లేటు దానంతటదే కిందికి వాలి వెనకవాళ్ళకి దండం పెడుతోంది. నిన్న మళ్ళీ కారింది.

ముల్లు చెడిపోయింది అన్నావు కదా అని గొట్టంలోకి కర్ర పెట్టి చూశాను. అంచుదాకా ఉంది. ఆగస్టు ఆఖరున సగం ట్యాంకు పోయించిందే, మళ్ళీ పోయించలేదు. రోజూ తిరుగుతూనే ఉన్నాను. ఎమిల్‌ది మంచి చెయ్యి అనేవాళ్ళం గానీ, మరీ ఇంత మంచిది అనుకోలేదు.

నాకు భయంగా ఉందన్నయ్యా. కారంటే కాదు. దీన్ని అమ్మితే ఈ ఇల్లూ అమ్మాలి, మీ అందరికీ బరువై మీ ఊరొచ్చి కూర్చోవాలి. అందుకని.

సైమా

తా.క.: మా కారులో పెట్రోలు దానంతటదే ఊరుతోందని చర్చిలో కాఫీల దగ్గర చెప్పాను. అందరూ నవ్వారు. వైనో గారు మాత్రం కాఫీ ప్యాంటు మీద ఒలకబోసుకున్నారు.

---

టూసాన్
24 అక్టోబరు

సైమాకి,

పెట్రోలు ఊరదు. నలభై ఏళ్ళలో చూడలేదు. దొరికిపోయాడు దొంగ.

ఎవడో నీ ట్యాంకులోంచి పెట్రోలు లాగేసి, తెలియకుండా నీళ్ళు పోస్తున్నాడు. కంగారులో మూత సరిగ్గా పెట్టడం లేదు, అందుకే కారుతోంది. శనివారం నువ్వు ఆవిరి గదిలో రెండు గంటలు తలుపేసుకుని కూర్చుంటావని ఊరందరికీ తెలుసు. అప్పుడే వస్తున్నాడు. ఆదివారానికి తడి.

తాళం ఉన్న మూత పార్సిలు చేశాను. రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి నీ దగ్గర ఉంచు, రెండోది ఎక్కడైనా భద్రంగా దాచు.

ఆర్వో

తా.క.: వచ్చే శనివారం తలుపు సందులోంచి చూడు. దొరికితే ఒక గరిటెడు వేడినీళ్ళు నా పేరు చెప్పి పోయి.

తా.క. మళ్ళీ: నీళ్ళు కలిసిన పెట్రోలుతో కారు అసలు ఎలా నడుస్తోందో నాకు అర్థం కాలేదు. ఇది ఎవరికీ చూపించకు.

---

డులూత్
14 నవంబరు

ప్రియమైన అన్నయ్యకి,

నీ మూత వచ్చింది. ఐదో తేదీ శనివారం పొద్దున్నే బిగించి తాళం వేశాను. నువ్వు చెప్పినట్టే ఆవిరి గది తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాను. నాలుగున్నరకి దొంగ వచ్చాడు. చేతిలో డబ్బా. కానీ డబ్బా బరువుకి ఒక భుజం వంగిపోయి ఉంది. దొంగలు ఖాళీ డబ్బా కదా తేవాలి.

ప్లేటు వంచి తాళం చూసి, అలాగే నిలబడిపోయారు. నేను తువ్వాలు చుట్టుకుని, పైన కోటు వేసుకుని, గరిటెతో సహా వెళ్ళాను.

"వైనో గారూ, ఏం చేస్తున్నారు?"

"తాళం వేశారా?" అన్నారు, నేనేదో తప్పు చేసినట్టు.

"ఎన్నాళ్ళనుంచి పోస్తున్నారు?"

"చలి మొదలైనప్పటినుంచి."

"కారుతోందని మీకు తెలుసు కదా. ఉత్తరం చదివింది మీరే."

"అందుకే. నేలపాలైందేమోనని ఇంకాస్త పోశాను."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. డబ్బా కింద పెట్టి, దానితోనే మాట్లాడుతున్నట్టు తల వంచి అన్నారు, "ఫిబ్రవరిలో మీరు నడిచి వస్తుంటే కిటికీలోంచి చూశాను. కనుబొమ్మల నిండా మంచు. ఇంకోసారి అలా చూడలేను." పదిహేనేళ్ళుగా పక్కపక్క ఇళ్ళలో ఉంటున్నాం. అన్ని మాటలు ఒక్కసారి ఆయన నోట ఎన్నడూ వినలేదు. చేతిలో గరిటె ఉందన్న సంగతే మరిచాను. గరిటెలో నీళ్ళు నా కాళ్ళ మీదే పడ్డాయి.

మర్నాడు ఆదివారం చుక్క కారలేదు. గురువారం మొదటి మంచు పడింది. మనం అనుకున్న గడువులోగా కారడం ఆగింది కాబట్టి కారు నాది, ఇల్లు నాది. మాట తప్పకు. నీ ఖాళీ గదిని జనవరిలో చూడ్డానికి వస్తాను, ఉండడానికి కాదు.

నీ చెల్లెలు
సైమా

తా.క.: రెండో తాళంచెవి భద్రంగా దాచమన్నావు. మొన్న శనివారం వైనోకి ఇచ్చాను.

తా.క. మళ్ళీ: నిన్న ఆదివారం మళ్ళీ కారింది. వాషర్ పంపకు.