రూతమ్మ పేరు పక్కన ఎరుపు

జూన్ 3, మంగళవారం
బీదర్‌లో కంప్యూటర్ మాస్టారు రెండు రోజులు కన్నడంలో నేర్పిన దానితో మా చర్చి సంఘం యాప్ పూర్తి చేశాను. కోడ్ రాసే పని లేదు. రంగురంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి తగిలించడమే... 'ఇలా అయితే', 'లేకపోతే'. కమిటీ పెట్టిన నియమం: ఆరు నెలలు ప్రభు భోజనం, అదే ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, తీసుకోని వాళ్లకు సమాధుల తోటలో చోటు లేదు. ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రాసే చర్చి రిజిష్టర్ మొత్తం ఎక్కించాను. ఆకుపచ్చ వస్తే సభ్యులు, ఎరుపు వస్తే కారు.
పాస్టరయ్య చప్పట్లు కొట్టాడు. "ఇగ ఎవ్వరు నా మీదికి రారు సుశీలమ్మా!"
నేనూ పొంగిపోయాను. సిగ్గులేకుండా.

జూన్ 8, ఆదివారం
ఆరాధన అయిందో లేదో అందరూ ఫోన్లలో పక్కవాళ్ల రంగు వెతుకుతున్నారు. "ఆయన ఎర్రగ వచ్చిండు సూడు" — కిసకిసలు. ఛీ.

జూన్ 11, బుధవారం
మన్నళ్ళి ఊళ్లో రూతమ్మ పోయింది. ఏడాదిగా మంచంలోనే. కొడుకు దావీదు వచ్చి, నాయన సమాధి పక్కనే పెట్టాలని అడిగాడు. పాస్టరయ్య ఫోన్ తీశాడు. ఎరుపు.
"నేనేం జెయ్యాలె దావీదూ? యాప్‌ల గట్ల వస్తాంది."
"మీరే గదయ్యా, ఇంటికొచ్చి అమ్మకు రొట్టె ఇచ్చింది?"
పాస్టరయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.
నెలనెలా ఆయన వెంట ద్రాక్షరసం సీసా పట్టుకుని వెళ్లింది నేను. రూతమ్మ తల ఎత్తి పట్టుకుంది నేను. ఇంటి దగ్గర ఇచ్చిన భోజనం రిజిష్టర్‌లో రాసే అలవాటు మాకు లేదు; ఆ పుస్తకం చర్చి బీరువా దాటదు. తెలిసి కూడా దాన్నే ఎక్కించాను. మంచాన పడ్డ ప్రతి ఒక్కరూ ఎరుపే.

అదే రోజు, సాయంత్రం
ఒక్క బ్లాకు చేర్చాను — 'ఇంటి దగ్గర తీసుకున్నా సరే'. మేం వెళ్లిన తేదీలు ఎక్కించాను. రూతమ్మ ఆకుపచ్చగా వచ్చింది. తీసుకెళ్లి పాస్టరయ్యకు చూపించాను.
"కమిటీ కూసోకుండ మార్చొద్దమ్మా. ఆదివారం సూద్దాం."
శవం ఆదివారం దాకా ఆగుతుందా?
ఆ బ్లాకు తీయించాడు. నా చేత్తోనే. తీశాను. థూ... ఆయన్ని తిట్టడం తర్వాత, ముందు నా బతుకునే తిట్టుకోవాలి.

జూన్ 12, గురువారం
పొద్దున్నే సమాధులు తవ్వే మల్లప్ప ఫోన్. "అక్కా, తవ్వాల్నా వద్దా? దావీదన్న ఈడనే కూసున్నడు."
యాప్ తెరవలేదు. తవ్వమన్నాను. వాళ్ల నాయన పక్కనే.
పది గంటలకు శవపెట్టె తీసుకొస్తారు. పాస్టరయ్యకు ఇంకా చెప్పలేదు.