క్రాసింగ్ నెలల పాఠాలు

గట్టు, శనివారం రాత్రి

పదో తరగతి గణితం వార్షిక ప్రణాళికను సోమవారం ప్రధానోపాధ్యాయుడికి ఇవ్వాలి. ఇచ్చాక మార్చడం కష్టం కనుక, ఈ సందేహాన్ని ఇప్పుడే రాసుకోవాలి.

విత్తనాల కోసం వేసే సీడు పత్తిలో క్రాసింగ్ మొదలైతే ఆడపిల్లలు పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దడానికి చేలకు పోతారు. తరగతి సగం ఖాళీ అవుతుంది. అందుకే వర్గ సమీకరణాలను అంతకు ముందే ముగించి, ఆ నెలలకు కొంత తేలికైన సాంఖ్యక శాస్త్రం ఉంచాను. తరగతిలో ఆ మాట చెప్పాను కూడా.

ఈరోజు ఆ తరగతిలోని మమత వాళ్ళమ్మ కూతురిని వెంటబెట్టుకుని బడికి వచ్చింది.

"కష్టమైన పాఠాలన్నీ ముందే చెప్తున్నరంట గద మేడం. మంచిగైంది. పోయినేడు దీన్ని అప్పుడప్పుడన్న బడికి తోలిన. ఈసారి క్రాసింగ్ అయ్యేదాంక చేన్లనే ఉంచుకుంట."

"గందుకు గాదే అమ్మా," అంది మమత. "మేడం, మీరన్న చెప్పుండ్రి."

"మేడమే తాతీలిచ్చినంక నీ లొల్లేంది? జర ఊకో."

నేను సెలవు ఇవ్వలేదని, రోజూ పంపాలని చెప్పాను. ఆమె మర్యాదగా తలూపింది. ఒప్పుకున్నట్లు మాత్రం లేదు.

పుస్తకంలోని పాత క్రమమే పాటిస్తే, పనికి పోయిన పిల్లలందరికీ వర్గ సమీకరణాలు దక్కవు. కొత్తదే ఉంచితే, అప్పుడప్పుడు వచ్చే మమత అసలే రాకపోవచ్చు. ప్రణాళికను మార్చకుండానే ఇస్తాను. మమత వాళ్ళింటికి మాత్రం ఒకసారి వెళ్ళాలి.

ఆ పిల్ల బడికి వస్తుందో రాదో తెలియదు. రాకపోతే, అది పత్తి వల్లనో నా ప్రణాళిక వల్లనో కూడా తెలియదు.