ఫ్యాను కింద పొడి

భూటాన్ నుంచి,
ఆదివారం పొద్దున్న

రూతక్కకి తమ్ముడు సుధాకర్ ప్రభువు పేరట చేసే వందనాలు.

నువ్వూ బావా పిల్లలూ సుఖంగా ఉన్నారని నమ్ముతన్నాను. చిన్నదానికి జ్వరం తగ్గిందా? బావ మోకాలు ఎలాగున్నాది? ఆస్పత్రిలో నీకింకా ఆ వార్డే వేస్తన్నారా, మార్చేరా? నేను బాగానే ఉన్నాను. వేళకి తింటన్నాను, వేళకి పడుకుంటన్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. ఫోన్ చేసినప్పుడల్లా "ఏట్రా గొంతు అలాగున్నాది" అంటావు. గొంతుకేమీ కాలేదక్కా, అలిసిపోయున్నాను, అంతే. ఫోన్లో చెప్పలేని సంగతొకటి ఉన్నాది, అందుకే కాయితం పట్టుకున్నాను. మాదంతా ఒకటే గది. ఎవరేం మాట్లాడినా అందరికీ వినిపిస్తాది.

ఇక్కడ ఒకటే వాన. మన దగ్గర తుపాను వస్తే రెండ్రోజులు కురిసి పోతాది. ఇక్కడ కొండ మీంచి దిగి, ఇంక ఎక్కడికీ వెళ్ళదు. బట్టలు ఆరవు, పరుపు ఆరదు, అగ్గిపుల్ల గీస్తే వెలగదు. క్యాంటీన్లో మిరపకాయలే కూర, అందులో జున్నులాంటిది వేసి ఉడకబెడతారు. మొదట్లో కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి, ఇప్పుడు అలవాటయిపోనాది. కానీ సోడి అంబలి తాగాలని మనసు పీకుతాది. ఎవరైనా ఇటొస్తే కాస్త సోడిపిండి, ఎండు నెత్తళ్ళు అంపించు. నెత్తళ్ళు రెండు కవర్లలో కట్టు, లేపోతే బండిలో చేపల వాసనకి తోటివాళ్ళు తిడతారు.

పని సంగతి నీకు తెలిసిందే. లోహం కరిగించే ఫర్నేసు దగ్గర కరెంటు పని. ఎనిమిది గంటలని పేరు, పదకొండు అవుతాది. గదికొచ్చేసరికి నడుం ఇరిగిపోతాది. గదిలో ముగ్గురం. నేను, రాయగడ వైపు నుంచొచ్చిన పూర్ణ, అప్పన్న మావ. అప్పన్న మావది మన రామతీర్థం దగ్గర పల్లె. యాభై దాటేయి. వరస కాదు కానీ మొదటి రోజే నన్ను "ఒరే అల్లుడూ" అన్నాడు, నేను "మావా" అన్నాను, అలాగే ఉండిపోనాది. ఫర్నేసు నోటి దగ్గర గునపం పట్టే పని ఆయనది. వాళ్ళ ఇంట్లో తరాల నుంచీ సన్నాయి వాయిస్తారట. తమ్ముడిప్పటికీ గుడి ఉత్సవాలకి వాయిస్తాడు. ఈయన కూడా కుర్రతనం నుంచీ వాయించేవాడట, తరవాత మానీసేడు. ఎందుకు మానీసేవు మావా అంటే, "అలవాటు తప్పిపోనాది రా" అనేవాడు.

నేనొచ్చిన రెండో నెల్లో ఆఫీసువాళ్ళు పారేసిన పాత కంప్యూటరొకటి అడిగి తెచ్చేను. దానికి పెద్ద హార్డ్ డిస్కు వేసి, నెట్లో ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కించి మీడియా సర్వర్ చేసేను. అంటే పెద్ద వింతేమీ కాదక్కా. సినిమాలు, పాటలు, ఇళ్ళ నుంచొచ్చిన వీడియోలు అన్నీ ఆ పెట్టెలో ఉంటాయి. గదిలో టీవీలోనైనా, ఎవరి ఫోన్లోనైనా కావలసింది పెట్టుకుని చూసుకోవచ్చు, నెట్ ఖర్చు లేదు. మీ చర్చి కోయిర్ వీడియో కూడా అందులోనే ఉన్నాది. మా గదే కాదు, ఈ వరసలో నాలుగు గదులవాళ్ళు దాని మీదే బతుకుతన్నారు. పూర్ణ ఒడియా నాటకాలు చూస్తాడు. అప్పన్న మావకి ఒకటే వీడియో. రామతీర్థం కళ్యాణంలో తమ్ముడు వాయించింది. గంటా పావు ఉంటాది. డ్యూటీ దిగి, స్నానం చేసీసి, మూడింటికి అది పెట్టుకుని కూర్చుంటాడు. రోజూ అదే.

ఈమధ్య ఆ పెట్టె ఆగిపోవడం మొదలెట్టింది. నడుస్తా నడుస్తా టప్పుమని ఆరిపోతాది. మళ్ళీ వేస్తే వస్తాది, పది నిమిషాలకి మళ్ళీ ఆరిపోతాది. డ్యూటీ నుంచొచ్చి పడుకుందామంటే ఎవడో ఒకడు తలుపు కొట్టి "భాయ్, నీ సర్వర్ పోయింది" అంటాడు. నా సర్వర్! బాగున్నప్పుడు అందరిదీ, పోతే నాదీ.

ముందు కరెంటు అనుకున్నాను. ఫర్నేసు లోడు పెరిగితే క్వార్టర్లలో లైట్లు గుడ్డివవుతాయి కదా, అదేనని యూపీఎస్ పెట్టేను. ఆగిపోవడం మానలేదు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దేను. రెండ్రోజులు బాగుంది, మూడోరోజు మామూలే. హార్డ్ డిస్కు పోతాందేమో అని భయమేసి పరీక్ష పెట్టేను, అది శుభ్రంగా ఉన్నాది. సాఫ్ట్‌వేరంతా తుడిచీసి మళ్ళీ ఎక్కించేను. సెలవురోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా దానికే పోనాది. మర్నాడు మూడున్నరకి మళ్ళీ టప్పు.

అప్పుడు ఒక పుస్తకం పెట్టి, ఆగిన ప్రతిసారీ టైము, ఎవరు ఏం చూస్తన్నారో రాయమని పూర్ణకి చెప్పేను. వారం రాసేడు. అక్కా, అన్నీ మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్యనే. అన్నీ అప్పన్న మావ చూస్తన్నప్పుడే.

ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి సిగ్గేస్తాది. ఆరోజు వానలో తడిసి, సూపర్‌వైజరు చేత మాటలు పడి వచ్చేను. వచ్చేసరికి టీవీ నల్లగా ఉన్నాది, మావ దాని ముందు రిమోట్ పట్టుకుని కూర్చున్నాడు.

"ఏటి నొక్కేవు మావా?" అన్నాను.

"నానేటీ నొక్కలేదు రా."

"నొక్కకుండా నువ్వు కూర్చున్నప్పుడే ఎందుకు పోతాది? ఇదిగో పుస్తకం. వారం రోజులూ నీ పేరే. తెలీని వస్తువు ముట్టుకోకూడదని తెలీదా నీకు?"

గట్టిగానే అన్నాను. గుమ్మంలో పక్కగది వాళ్ళిద్దరు ఉన్నారు, వాళ్ళ ముందే అన్నాను. మావ రిమోట్ మంచం మీద పెట్టీసి, "ఇంక ముట్టుకోన్లే అల్లుడా" అని గొడుగు పట్టుకుని బయటికెళ్ళిపోనాడు. బయట దగ్గుకుంటా మెట్లు దిగడం వినిపించింది. తరవాత ఐదు రోజులు టీవీ వైపు చూళ్ళేదు. డ్యూటీ నుంచొచ్చి గోడకి తిరిగి పడుకునేవాడు. ఆ ఐదు రోజులూ సర్వర్ ఒక్కసారీ ఆగలేదు. చూసేవా, నేనన్నదే నిజమని లోపల గర్వపడ్డాను కూడా. అలాగున్నాను అప్పుడు.

పూర్ణే అన్నాడు. "ఆయన వీడియో నువ్వు పెట్టి చూడు. నీ చేతిలో కూడా పోతే?" అని. సరే అని ఆదివారం పెట్టేను. మొదటి పది నిమిషాలు చూస్తా కూర్చున్నాను. సన్నాయి బాగా వాయిస్తాడక్కా ఆ తమ్ముడు. చెయ్యి పెట్టె మీద ఆన్చేసరికి చుర్రుమంది. పన్నెండో నిమిషానికి టప్పు. రిమోట్ నా దరిదాపుల్లో కూడా లేదు.

అప్పుడు అర్థమయ్యింది. మిగతా సినిమాలు ఉన్నవున్నట్టు టీవీకి వెళ్ళిపోతాయి. మావ చూసే ఈ కళ్యాణం వీడియో పాత కెమెరాతో తీసింది, మా టీవీకి అది చదవడం రాదు. అందుకని చూసినంతసేపూ పెట్టె దాన్ని మార్చి మార్చి అందిస్తాది. పని ఎక్కువయ్యి వేడెక్కి, కాలిపోకుండా దానంతటదే ఆగిపోతాది. కానీ ఫ్యాను తిరుగుతానే ఉన్నాది, మరెందుకంత వేడి? పైపైన ఎన్నోసార్లు తుడిచేను. ఈసారి మరలు ఊడదీసి ఫ్యాను పైకెత్తేను.

ఫ్యాను కింద, వేడి లాగే రేకుల మధ్య, తెల్లటి పొడి దిమ్మలా పేరుకుపోయున్నాది. ఊదితే పోయేది కాదు. గోటితో లాగితే అట్టు ముక్కలాగ మొత్తం ఊడొచ్చింది. ఫర్నేసు పొగలో వచ్చే పొడి అది, ముగ్గు కంటే మెత్తన. ఈ వానలో చెమ్మకి తడిసి గట్టిపడింది. గాలి పోయే దారే లేదు.

మావ మంచం మీంచి లేచొచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. ఆ ముక్క చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపేడు.

"ఇదెప్పుడు పెట్టేవు రా ఇక్కడ?"

"ఐదు నెలలయ్యింది మావా."

"గదిలోనే కదా ఉన్నాది. ఫర్నేసు కాడికి ఎల్లలేదు కదా."

"లేదు."

 మావ ఆ పొడి లుంగీకి తుడుచుకుని, "నానొచ్చి ఆరేళ్ళు" అన్నాడు.

 మాస్కులు ఇస్తారు, ఇవ్వరని చెప్పను. ఆ వేడిలో ఊపిరాడక అందరం గడ్డం కిందకి లాక్కుంటాం. ఆయన దగ్గు రోజూ వింటన్నాను. వానాకాలం దగ్గనుకున్నాను. నువ్వుంటే మొదటి వారమే పట్టుకుందువు.

ముందు క్షమించమన్నాను. "దానికేటి లే, నీకు మట్టుకు ఒల్లు అలిసిపోదేటి" అన్నాడు. తరవాత ఆస్పత్రికి పద అన్నాను. రానన్నాడు. పొద్దున్న అడిగేను, సాయంత్రం అడిగేను. నాలుగోరోజు చెప్పేడు. నిరుడే ఒక డాక్టరు చూసి ఛాతీలో పొడి ఉన్నాది, పని మార్చుకో అన్నాడట. కాయితం చింపీసేడు, ఎవరికీ చెప్పలేదు.

"ఇంటికాడ ఏటి సెప్తాను రా? సన్నాయి ఎందుకు మానీసేవని మా తమ్ముడు అడిగితే అలవాటు తప్పిందన్నాను. ఊపిరి సాల్లేదు రా నాకు. నాలుగేళ్ళ కిందట సెలవుకెల్లి సన్నాయి పీక నోట్లో ఎట్టుకుంటే రెండు గుక్కలు పలకలేదు. గూట్లో ఎట్టీసి వచ్చీసేను."

ఆ వీడియో రోజూ ఎందుకు చూస్తన్నాడో నాకు అప్పుడు తెలిసింది. అలాంటి మనిషిని పదిమంది ముందు రిమోట్ కోసం తిట్టేను.

మర్నాడు సెలవు పెట్టించి సరిహద్దు దాటి జైగావ్ తీసుకెళ్ళేను. డాక్టరు ఎక్స్‌రే లైటుకి పెట్టి చాలాసేపు చూసేడు. ఇంక ఒక్కరోజు కూడా ఆ పొడిలోకి వెళ్ళొద్దన్నాడు. ఉన్నది పోదట, పెరగకుండా చూసుకోవాలట. ఇలాంటి ఛాతీకి టీబీ సులువుగా పడతాదట, ఊరెళ్ళగానే కఫం పరీక్ష చేయించమన్నాడు. నా ఛాతీ కూడా తీయించేను. నాకేమీ లేదక్కా. దేవుని సాక్షిగా చెప్తన్నాను, ఏమీ లేదు. ఫర్నేసు దగ్గర్నుంచి మార్చి ఆరుబయటుండే స్విచ్‌యార్డులో వెయ్యమని అర్జీ ఇచ్చేను. ముక్కుకి గుడ్డ లేకుండా ఇప్పుడు గది కూడా దాటడం లేదు. ఒప్పందం అయ్యేక ఇక్కడ ఉండాలని లేదు. బావతో ఒక మాట అను, ఆయనకి తెలిసినచోట ఎలక్ట్రీషియన్ పని ఏదైనా పడితే చిన్నదైనా చాలు.

వచ్చినరోజే ఆ పెట్టె రేకులన్నీ బ్రష్షుతో కడిగినట్టు దులిపీసేను, వాటి కింద వేడి లాగే పేస్టు కొత్తది వేసేను. మర్నాడు కూడా సెలవు పెట్టి, మావ వీడియోని టీవీకి అర్థమయ్యేలాగ ఒకేసారి మార్చీసేను. అది మారేదాకా పెట్టె మూత తీసి, టేబుల్ ఫ్యాను పెట్టి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కాపలా కాసేను. మూడింటికి నేనే రిమోట్ ఆయన చేతిలో పెట్టేను. గంటా పావూ ఆగకుండా నడిచింది.  తమ్ముడు వాయిస్తంటే ఈయన వేళ్ళు మోకాలి మీద సన్నాయి కన్నాలు మూసినట్టు తెరిచినట్టు ఆడతా ఉన్నాయి. చివర్లో దగ్గు వస్తే, సన్నాయి వినబడదని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

పూర్ణ వాళ్ళందరూ సర్వర్ బాగయ్యిందని సంతోషపడ్డారు. నాకు ఏ సంతోషమూ రాలేదక్కా. ఆ పక్క గదుల్లో ఎవడు దగ్గినా చెవి అటే పోతాది. అందరికీ ఆ పొడి ముక్క చూపించేను. ఇద్దరు ఎక్స్‌రేకి వెళ్ళేరు, మిగతావాళ్ళు చూద్దాంలే అన్నారు.

మావ పని మానీసేడు. ఎల్లుండి బయలుదేరి హౌరాలో బండి మారి విజయనగరంలో దిగుతాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తన్నాను. చదవడు, అంటించిన కవరు విప్పే మనిషి కాదు. భార్య పైడమ్మత్తకి ఇప్పటికీ ఏమీ చెప్పలేదు. ముందు మీ ఇంటికే వెళ్ళమన్నాను, అక్క సోడిపిండి ఇస్తాది, మీ పల్లె నుంచి ఇటొచ్చేవాళ్ళతో నాకు అంపించాలని అబద్ధమాడేను. నువ్వు మీ ఆస్పత్రిలో డాక్టరమ్మకి దగ్గరుండి చూపించు. పైడమ్మత్తకి కూడా నువ్వే చెప్పాలి. ఆయన చెప్పలేడు.

చిన్నాన్నకీ పిన్నికీ నా నమస్కారాలు చెప్పు. పాస్టరుగారికి వందనాలు. పిల్లలిద్దరికీ ముద్దులు. బావని మోకాలికి ఆ నూనె మానొద్దను. నాకు నీ దీవెన చాలు, ప్రార్థనలో నా పేరు తలుచుకో, నా పక్కన అప్పన్న మావ పేరు కూడా చేర్చు.

ఇంకొక్క మాట. ఎక్స్‌రే కవరు ఆయన సంచిలో అడుగున ఉన్నాది, బట్టల కింద దాచుకున్నాడు. ఈసారి చింపలేదు. అడిగితే అలాంటిదేమీ లేదంటాడు, కంగారు పడి లేచి వెళ్ళిపోతాడు. ముందు అన్నం పెట్టు. తిన్నాక అడుగు.

నీ తమ్ముడు,
సుధాకర్