ఫ్రిజ్‌లో గోదావరి

యానాం

పూజ్యులైన పెద్దబాపుకు దీప నమస్కారాలు.

నేను నల్లా నీళ్ల ఆఫీసులో పనిచేస్తున్నానని సుబేదారి అంతా చెప్పారట. నిన్న కళావతి అత్త ఫోన్ చేసి, వాళ్ల గల్లీకి నీళ్లెప్పుడు వదులుతానని అడిగింది. ఫోన్‌లో మీరు నా మాట పూర్తి కానివ్వరు కనుక రాస్తున్నాను. ఇక్కడ గోదావరి సముద్రంలో కలుస్తుంది. కొన్ని నెలల్లో కంటికి కనపడని నాచు పెరిగి నీళ్ల రంగు మారుతుంది. అందులో కొన్ని రకాలు విషం. చేపలు చస్తాయి. ఏ నెలలో ఏ రకం పెరిగిందో తేల్చడం నా పరిశోధన. నెలకొక సీసా. కాలేజీ ఫ్రిజ్ రిపేరుకు పోయిందని మొన్న ఇంటికి వచ్చినప్పుడు సీసాలన్నీ తెచ్చి మన ఫ్రిజ్ కింది అరలో పెట్టాను. ఒక్క సీసా పోయినా ఆ నెల మళ్లీ రాదు, నా పీహెచ్‌డీ సీటూ రాదు. ఎవరూ ముట్టొద్దు.

మీ దీప

తా.క. అవి చాయ్ రంగులో ఉంటాయి. చాయ్ కాదు.

*

సుబేదారి

బిడ్డ దీపకు పెద్దబాపు సదానందం దీవెనలు.

గోదారి సముద్రంల కలిసే కాడి నీళ్లు ఇంట్ల పెట్టుకొని ఇన్నొద్దులు చెప్పకపోతివి. ముట్టొద్దన్నవ్ గద, తానం చేసి తడిబట్టల మీదనే ఒక్క సీసా తీసిన. మన గల్లీ రాజేశ్వర్ రావు సారు కొత్తిల్లు కట్టిండు, ఎల్లుండి గృహప్రవేశం. సంగమం నీళ్లని చేతుల పెడితే సారుకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. వాళ్ల కొడుకు రమాకాంత్‌కు నిన్ను అడుగుతరని నా అనుమానం. ఫికర్ చేయకు.

ఇట్లు, పెద్దబాపు

తా.క. తీసిన జాగల నల్లా నీళ్ల సీసా పెట్టిన. రంగు కలవాలె గద, జర డికాషన్ పోసిన.

*

యానాం

పెద్దబాపుకు,

అది తీర్థం కాదు. నాచు చెడిపోకుండా అందులో అయోడిన్ పోశాను. తాగొద్దు, చల్లొద్దు. గంజి బట్టల మీద పడితే నల్లటి నీలం మచ్చలవుతాయి. గృహప్రవేశానికి గంజి పెట్టని పంచెతో వచ్చే పెద్దమనిషి సుబేదారిలో లేడు. సీసా వెంటనే వెనక్కి తెండి. పెళ్లి మాట ఎత్తకండి.

దీప

తా.క. డికాషన్ సీసాకు గుర్తు పెట్టండి. లేకపోతే సముద్రం ఒడ్డున టీ తోటలున్నాయని రాయాల్సి వస్తుంది.

*

సుబేదారి

బిడ్డా,

అంత అయినంక నీ ఉత్తరం అందింది. ఎవ్వరు తాగలే. అయ్యగారు మామిడాకుతోటి చల్లిండు. సారు పంచె మీద నీలం చుక్కలు లేసినయ్. నా పంచె మీద గుడ. ప్యాంటేసుకొచ్చిన మీ పాండురంగం బాబాయికి మాత్రం ఏం కాలే. భక్తి ఉన్నోళ్ల మీదనే లేస్తయని అయ్యగారన్నడు. అప్పటిసంది పాండురంగం తిండి తింటలేడు. ‘సదానందం, పిల్లది మామూలు చెయ్యి కాదు, మా ఇంటికే రావాలె. ఇగ సముద్రాల పొంటి తిరుగుడెందుకు’ అన్నడు సారు. నేను సరే అన్న. వచ్చే సోమవారం చూసుకోను వస్తాండ్రు. నువ్వు రావాలె.

పెద్దబాపు

తా.క. పాండురంగం గంజి పంచె కట్టుకొని మన ఫ్రిజ్ ముందట కూసున్నడు.

*

యానాం

పెద్దబాపుకు,

మీ ఉత్తరం కంటే ముందే నాకు పార్సెల్ వచ్చింది. రమాకాంత్ పంపాడు. ఆయనది మందుల షాపు, వాసన చూడగానే అయోడిన్ అని తెలిసిందట. అయ్యగారు చల్లిన తర్వాత మిగిలిన అర సీసాను దాచి, మూత బిగించి, సీసా మీదున్న నా కాలేజీ చిరునామాకు కొరియర్ చేశాడు. నాకు కొన్ని చుక్కలు చాలు. ఆ నెల దొరికింది, నిన్న ఇంటర్వ్యూలో సీటూ దొరికింది. వాళ్ల నాన్నకు నిజమెందుకు చెప్పలేదని ఫోన్‌లో అడిగాను. ‘మా నాయిన ఆ పంచెను దేవునర్రల పెట్టిండు. ఇప్పుడు చెప్తే నన్ను బయట పెడ్తడు’ అన్నాడు. మంచివాడే.

పాండురంగం బాబాయి పంచె మీద ఒక టింక్చర్ అయోడిన్ చుక్క వేసి, అన్నం పెట్టండి.

దీప

తా.క. సోమవారం నేను రాను. రమాకాంత్‌ను చేసుకోను. ఆ రోజు పొద్దున ఈ నెల సీసా నింపడానికి పడవ ఎక్కుతున్నాను.