పాముచేపలో నడిమి ముక్క

నెలాఖరుకు పది రోజులు. దీపాలు పెట్టే వేళ.
రాసుకోవడానికి కొత్త మైనపు పలక! కొత్త మనిషిని!
నిన్న చీటీల్లో నా పేరొచ్చింది. సంత తనిఖీదారు పదవి! ఏథెన్స్ సంతలో తూకాలూ, కల్తీలూ ఇక నా కనుసన్నల్లోనే. దీపాలమ్ముకునే ఆంటిక్లీస్ ఎక్కడ, ఈ పదవి ఎక్కడ!
చిక్కు ఒక్కటే. ఎనిమిది రోజుల్లో నడవడి పరీక్ష. నలుగురిలో నిలబెట్టి అడుగుతారు. అమ్మానాన్నల్ని చూస్తున్నావా? పన్ను కట్టావా? యుద్ధానికి వెళ్ళావా? చివర్లో "వీడి మీద ఎవరికైనా అభ్యంతరమా?" అని కేకేస్తారు.
ఎవరికైనా అంటే పక్కింటి ఖారినోస్‌కి. బట్టలుతుకుతాడు. వాడి తొట్ల కంపు మీద నేను తగువేసుకున్నప్పట్నుంచీ నా కోసం కాచుకుని ఉన్నాడు.
పొద్దున్నే గోడ మీంచి అన్నాడు: "చేపల సంతకి నువ్వా బావా కాపలా? పిల్లికి పాలకుండ అప్పజెప్పినట్టే! లేచి నిలబడి చెప్పనా ఏంటి?"
నిజమే. లోకమంతా రొట్టెలోకి చేప నంజుకుంటుంది. నేను చేపలోకి రొట్టె నంజుకుంటాను. ఈ ఊళ్ళో ఇంతకు మించిన చెడ్డపేరు లేదు.
అందుకే ఎరాటన్ గురువుగారి దగ్గర చేరాను. "మంచితనం రెండు తప్పులకి నడుమ ఉంటుంది. రోజూ చేస్తే అలవాటవుతుంది. అలవాటైతే అదే ఆనందం" అన్నారు. ఎనిమిది రోజులు చాలవూ?
నియమాలు: చేప లేదు. కోపం లేదు. అబద్ధం లేదు.

తొమ్మిది రోజులు. నీడ పదడుగులయ్యే వేళ, భోజనం.
బార్లీ రొట్టె, ఉల్లిపాయ. ఆనందంగా ఉంది. ఉందనే అనుకుంటున్నాను.
ఇంట్లో చేప ఉంటే నా నియమం ఉండదు. కాబట్టి అందరికీ బంద్. అమ్మ రొట్టె నములుతూ అంది: "ఒరే, నీ మంచితనానికి నా పళ్ళు ఊడేట్టున్నాయి. ఉన్నవే నాలుగు."

ఎనిమిది.
అబద్ధం ఆడలేదు! కొనడానికొచ్చిన ఆవిడతో ఈ దీపం కారుతుందని చెప్పాను. చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.
మా ఆవిడ మెలిట్టా నుదురు కొట్టుకుంది. "అంతా నడుమ ఉండాలన్నావుగా. నోరు మూసుకోవడం ఆ నడుమలోకి రాదా?"

ఏడు. సంత నిండే వేళ.
గంట! చేపలొచ్చినట్టు గంట! అంగడి గుంజ పట్టుకుని నిలబడ్డాను. కదల్లేదు!!
గురువుగారికి గొప్పగా చెప్పుకున్నాను. "గుంజ పట్టుకోవాల్సి వచ్చిందా? అయితే ఇంకా అలవాటు కాలేదన్నమాట" అన్నారు.
మరి అంత కష్టపడటం దేనికి?

ఆరు.
గొప్ప సంగతి తెలిసింది! ఎక్కువ తినడమే కాదు, బొత్తిగా తినకపోవడమూ తప్పేనట. గురువుగారినే అడిగాను, అవునన్నారు.
ఈ లెక్కన నాలుగు రోజులకే నేను రెండో తప్పులో పీకల్దాకా కూరుకుపోయాను.
ఒక చిన్న చేప. వేలెడంత. అది చేప కిందికి రాదు.
ఏడు తిన్నాను. నిలబడే తిన్నాను.

ఐదు.
ఏమీ లేదు. పలక మీది మరక దీపం నూనెదే.

నాలుగు.
కోపాయిస్ చెరువు పాముచేపలొచ్చాయి!!! నా చేతంత లావు!
ఒకటి తింటే అతి. అసలు తినకపోతే లోటు. నడుమ ఏముంటుంది? సగం. కానీ సగం అమ్మరు. తప్పక మొత్తం కొన్నాను.
మెలిట్టా వాళ్ళక్క ఇంటికెళ్ళింది. బీట్ ఆకుల్లో చుట్టి నేనే ఉడికించాను. పెరట్లో అమ్మా, నేనూ కూర్చున్నాం. నడిమి ముక్క, అంటే అసలు రుచంతా ఉన్నది, అమ్మ నా వైపు తోసింది. "నువ్వు తినరా. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో!"
ఒకసారి వద్దన్నాను. రెండోసారి అనలేదు.
తోకా తలా అమ్మ తింది. చివర్లో సిగ్గేసి, ముల్లు తీసి ఒక్క ముద్ద ఆవిడ నోట్లో పెట్టాను. తలెత్తితే గోడ మీద ఖారినోస్ బుర్ర!
అయిపోయాను.

మూడు.
ఖారినోస్‌కి మంచి దీపమొకటి పంపాను. దీన్ని ఉదారగుణం అంటారు. మెలిట్టా ఇంకో మాట వాడింది.
దీపం తిరిగొచ్చింది.

రెండు. పరీక్ష.
పన్ను, సరే. యుద్ధం, సరే. "తల్లిని బాగా చూసుకుంటున్నావా? సాక్షి ఎవరు?"
"నాకు అభ్యంతరం ఉంది!" ఖారినోస్ లేచాడు. "మొన్న ఈయన ఇంత పాముచేప కొనుక్కుని తిన్నాడయ్యా! నా కళ్ళతో చూశా!"
అందరూ గొల్లుమన్నారు. అధికారి అడిగాడు: "ఒక్కడే తిన్నాడా?"
ఖారినోస్ తల గోక్కున్నాడు. పాపం, అబద్ధం చెప్పలేడు. "లేదు. ముల్లు తీసి వాళ్ళమ్మ నోట్లో పెడుతున్నాడు."
నవ్వులాగిపోయాయి.
"మా అమ్మ ఉన్నన్నాళ్ళూ నేనెప్పుడూ పెట్టలేదు" అని కూర్చున్నాడు.
చేతులన్నీ లేచాయి. నెగ్గాను.

పాత నెలా కొత్త నెలా కలిసే రోజు. నెల ముగింపు.
గురువుగారు మురిసిపోయారు: "చూశావా, అలవాటైంది!"
అమ్మకి చెబితే పడీపడీ నవ్వింది. "ఒక్క ముద్దకే ఇంత పదవా? ఇంకో ముద్ద పెట్టి ఉంటే సేనాపతివయ్యేవాడివిరా!"
నాకు నవ్వు రాలేదు. నడిమి ముక్క ఎవరు తిన్నారో ఖారినోస్ చూడలేదు. తొమ్మిది రోజులు మంచితనం కోసం ఊరంతా తిరిగాను. అదేమో ఆ రోజు పెరట్లో నా ఎదురుగానే కూర్చుని తోక చీకింది. సిగ్గుగా ఉంది.
పలక మీది నియమాలన్నీ తుడిచేశాను. పాత నియమాలు రద్దు. ఒక్కటే రాశాను: "రేపటి నుంచి, నడిమి ముక్క అమ్మది."
చేపల గంట!
ఇవాళ ఇంకా పాత నెలే కదా అని లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. వెనక్కొచ్చి "రేపటి నుంచి" చెరిపేసి, పరిగెత్తాను.